మేడకు పిట్టగోడ, బండికి పాలసీ

మా పెద్దవాడికి పద్దెనిమిది నిండిన నెలలోనే ఇంట్లో బండి మాట మొదలైంది. మేముండేది చాంద్రాయణగుట్ట దగ్గర. వాడి కాలేజీ కోఠిలో. పొద్దున్నే బస్సెక్కినా ఫలక్‌నుమా, షాలిబండ, చార్మినార్, మదీనా దాటి అఫ్జల్‌గంజ్ చేరేసరికి మొదటి క్లాసు సగం అయిపోయేది. ఇది 2023 నాటి మాట. మెట్రో రైలు అప్పటికి ఎం.జి.బి.ఎస్. దగ్గరే ఆగింది, మా వైపు రాలేదు. వాడు అడిగినదానిలో తప్పేమీ లేదని మాకూ తెలుసు. తెలిసినవారి దగ్గర 2017 మోడల్ స్కూటరు, 110 సి.సి.ది, ఇరవై ఎనిమిది వేలకు దొరికింది. పుత్లీబౌలికి తీసుకెళ్ళి రెండు టైర్లు, బ్రేకులు మార్పించాం. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారిచేత ప్రార్థన కూడా చేయించాం.

అంతా అయ్యాక గుర్తొచ్చింది ఇన్సూరెన్సు. పాత పాలసీ గడువు తీరి అప్పటికి ఎనిమిది నెలలైంది. ఉన్నమాట చెప్పాలంటే, ప్రార్థన చేయించిన తర్వాత మూడు రోజులు వాడు పాలసీ లేని బండిమీదే తిరిగాడు. ఇది రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది. కాని ఆదివారంనాడు మన ఆలయాల ఆవరణల్లో వరుసగా నిలబెట్టిన బండ్ల కాగితాలు ఎవరైనా తీసి చూస్తే సిగ్గుపడవలసినవాళ్ళం మేమొక్కరమే కాదేమో.

మొదట మాకు పట్టుకున్న భయం డబ్బు గురించి. మా బంధువుల అబ్బాయి డాలస్‌లో ఎం.ఎస్. చదువుతూ పాత కారు కొన్నాడు. వయసు ఇరవై మూడు, అమెరికాలో బండి నడిపిన అనుభవం సున్న. కారుకు పెట్టిన డబ్బు చూసి కాదు, దాని ఇన్సూరెన్సు చూసి వాళ్ళ నాన్నగారు నోరు వెళ్ళబెట్టారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లోను, ఇంగ్లాండులోను అంతే. కుర్రవాళ్ళు ఎక్కువ ప్రమాదాలు చేస్తారని లెక్కగట్టి వారి దగ్గర ఎక్కువ వసూలు చేస్తారు. ఐరోపా దేశాల్లో ఆడపిల్లలకు తక్కువ, మగపిల్లలకు ఎక్కువ అనే పద్ధతి కూడా ఉండేది. 2011లో అక్కడి న్యాయస్థానం అది చెల్లదని తీర్పు ఇచ్చాక, 2012 డిసెంబరు నుండి మానుకున్నారు. వయసు తేడా మాత్రం మానలేదు. ఈ కథలన్నీ విని ఉన్నాం కనుక, పద్దెనిమిదేళ్ళవాడి పేరు చెప్పగానే ఇక్కడ కూడా రెట్టింపు అడుగుతారని అనుకున్నాం.

అడగలేదు. మన దేశంలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ధర బండి ఇంజనును బట్టి ఉంటుంది, నడిపేవాడి వయసును బట్టి కాదు. ఆ ధర కంపెనీ పెట్టేది కూడా కాదు, ప్రభుత్వం నిర్ణయించేది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన పట్టికలో ద్విచక్ర వాహనాలకు ఏడాదికి ఇలా ఉంది: 75 సి.సి. వరకు 538 రూపాయలు, 150 వరకు 714, 350 వరకు 1,366, అంతకు మించితే 2,804. కార్లలో వెయ్యి సి.సి. వరకు 2,094 రూపాయలు. వీటిమీద జి.ఎస్.టి. అదనం. అరవై ఏళ్ళ అంకుల్ కొన్నా, పద్దెనిమిదేళ్ళ అబ్బాయి కొన్నా, ఏ కంపెనీ దగ్గర కొన్నా మా స్కూటరుకు థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలే. కావున థర్డ్ పార్టీలో ఫలానా కంపెనీ చవక అని ఎవరైనా చెబితే ఒక్క నిమిషం ఆగి అడగండి. అందులో ఏదో తీసేసి ఉండాలి, లేదా ఆ కాగితమే నకిలీదై ఉండాలి.

కంపెనీకీ కంపెనీకీ తేడా వచ్చేది ఓన్ డామేజీ భాగంలో, అంటే మన బండికే దెబ్బ తగిలినా, దొంగలెత్తుకుపోయినా ఇచ్చే భాగంలో. ఒకప్పుడు ఇదీ అందరికీ ఒకటే. 1973 నుండి మన దేశంలో సాధారణ బీమా అంతా నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతిలోనే ఉండేది. ఆ రోజుల్లో స్కూటరుకు ఇన్సూరెన్సు కట్టినవారికి గుర్తుండే ఉంటుంది, ఎక్కడికి వెళ్ళినా ఒకటే రేటు, ఒకటే క్యూ. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 2007 జనవరి నుండి ఓన్ డామేజీ రేట్లు కంపెనీల ఇష్టానికి వదిలేశారు. బేరం ఆడవలసింది అక్కడే.

మేము మూడుచోట్ల విచారించాం. స్కూటరు విలువ 25,000 అనుకుంటే ఓన్ డామేజీకి ఒకరు 280 అన్నారు, ఒకరు 430 అన్నారు. మూడో ఆయన మేము అడగకుండానే రెండు అదనపు కవర్లు కలిపి లెక్క చెప్పి, అవేమిటని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాడు. చివరికి ఆయనే, "ఎందుకండీ ఇదంతా? పాత బండి. థర్డ్ పార్టీ కట్టేయండి. పోలీసులు ఆపితే చూపించడానికి కాగితం ఉంటే చాలు కదా," అన్నాడు.

మేము సరేనన్నాం. పాతబస్తీలో చాలామంది అనేది అదే, చేసేది అదే.

ఆ బుధవారం మా ఇంట ప్రార్థన కూడిక. మా సంఘ పెద్దల్లో ఒకాయన ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. కూడిక అయ్యాక టీ తాగుతూ వాకిట్లో ఉన్న స్కూటరు చూసి మావాణ్ణి పిలిచారు. "ఏం బాబూ, బండి బాగుంది. వెనకాల ఎవరు కూర్చుంటారు?"

"మా అమ్మ, తాతగారూ. ఆదివారం చర్చికి, బుధవారం స్త్రీల సమాజానికి నేనే తీసుకెళ్తా."

"మరి పాలసీ?"

"థర్డ్ పార్టీ కడుతున్నాం అండీ," అన్నాం మేము.

ఆయన కప్పు కింద పెట్టారు. "థర్డ్ పార్టీ అంటే ఎవరు?" అని అడిగారు. మేము ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా వాడుతున్న మాటకు అర్థం తెలియదు.

ఆయన చెప్పింది ఇది. పాలసీ తీసుకున్న మనం మొదటి పార్టీ, కంపెనీ రెండో పార్టీ, మన బండి వల్ల దెబ్బతిన్న బయటివాడు మూడో పార్టీ. రోడ్డుమీద నడిచేవాడు, ఎదుటి బండివాడు ఇందులోకి వస్తారు. మన స్కూటరు వెనుక సీటులో కూర్చున్న మనిషి మాత్రం, చట్టప్రకారం కట్టవలసిన కనీస పాలసీలోకి రాడు. 2006లో తిలక్ సింగ్ కేసులోను, 2008లో సుధాకరన్ కేసులోను సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. వేరే బండివాడి తప్పు వల్ల దెబ్బ తగిలితే ఆ బండి ఇన్సూరెన్సు ఇస్తుంది, అది వేరు. నడిపేది మన పిల్లవాడై, తప్పు కూడా వాడిదే అయితే, వెనుక కూర్చున్న తల్లికి ఆ 714 రూపాయల పాలసీ నుండి పైసా రాదు. మనవాళ్ళు 'ఫుల్ ఇన్సూరెన్సు' అని పిలిచే ప్యాకేజీ పాలసీ తీసుకుంటే వెనుక మనిషికి కూడా వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లోనే కంపెనీలకు రాసింది.

ఆ మాట విన్నాక వాళ్ళమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మేము లెక్క తీశాం. థర్డ్ పార్టీ 714, సొంతదారు నడిపేటప్పుడు వర్తించే ప్రమాద బీమాకు మాకు చెప్పిన రేటు 330, మొత్తం 1,044. జి.ఎస్.టి.తో 1,232. దీనికి ఓన్ డామేజీ 280 కలిపితే పన్నుతో 1,562. తేడా 330 రూపాయలు. ఆ నెల బిర్యానీ ఒక్కసారి మానుకుంటే వచ్చే డబ్బు. దాని కోసం మేము వాళ్ళమ్మను బయట వదిలేయబోయాం, అదీ తెలియక.

పెద్దాయన రెండో ప్రశ్న వేశారు. "బండి ఎవరి పేరిట మారుస్తున్నారు?" ఇంటి పెద్ద పేరిటే అన్నాం. మా వైపు అంతా అంతే చేస్తారు. దానికీ ఆయన తల ఊపలేదు. 2018 నుండి సొంతదారు ప్రమాద బీమా 15 లక్షలకు పెంచారు. మంచిదే. కాని అది ఆర్.సి.లో పేరున్న సొంతదారుడు, లైసెన్సు ఉండి, తానే నడుపుతున్నప్పుడు వర్తిస్తుంది. బండి నాన్న పేరిట, నడిపేది కొడుకు అయితే కొడుక్కి అది అందదు. పైగా 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, ఇతరుల బండిని అడిగి తీసుకుని నడిపేవాడు సొంతదారు స్థానంలోకి వస్తాడు, మూడో పార్టీ కాడు అని. ఆ రోజు నడిచింది స్నేహితుడి బండి అయినా, బాబాయి బండి అయినా అంతే. ఎరువు తెచ్చుకున్న పశువుకు దెబ్బ తగిలితే నష్టం ఎవరు పెట్టుకోవాలో నిర్గమకాండము 22వ అధ్యాయంలో రాసి ఉంది. మన కుర్రాళ్ళు ఎరువు బండ్లమీద ఎంత ధీమాగా తిరుగుతారో చూస్తే ఆ అధ్యాయం వారికి ఒకసారి చదివి వినిపించాలనిపిస్తుంది. మేము ఆర్.సి. మావాడి పేరిటే మార్పించాం.

ఇదంతా మన ఇంటివారి సంగతి. అసలు చట్టం పట్టుబట్టింది మాత్రం బయటివాడి కోసం. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను, థర్డ్ పార్టీ పాలసీ లేకుండా బండి రోడ్డెక్కరాదంటుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే రెండు వేల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ రెండు వేలకే మనం భయపడుతున్నాం. భయపడవలసిన లెక్క వేరే ఉంది, పెద్దాయన వేసి చూపించారు. మీకూ చూపిస్తాం.

లాడ్‌బజారులో గాజుల దుకాణంలో పనిచేసే మనిషిని ఒకరిని అనుకోండి. వయసు 32. నెలకు 15,000 సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. రాత్రి దుకాణం మూసి ఇంటికి నడిచి వెళ్తుంటే మన కుర్రవాడి బండి గుద్ది ఆయన చనిపోయాడు. కోర్టు ఏం చేస్తుంది? ఏడాది సంపాదన 1,80,000. నలభైలోపు వయసు, సొంతంగా గాని, స్థిరమైన జీతానికి గాని పనిచేసేవాడు కనుక ముందు ముందు పెరిగే సంపాదనకని 40 శాతం కలుపుతారు, 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు అలా చెప్పింది. అది 2,52,000. ఆయనమీద ఆధారపడ్డవారు నలుగురు గనుక ఆయన సొంత ఖర్చుకని నాలుగో వంతు తీసేస్తే 1,89,000. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 31 నుండి 35 ఏళ్ళవారికి దీన్ని 16తో హెచ్చవేస్తారు. ముప్పై లక్షల ఇరవైనాలుగు వేలు. అంత్యక్రియల వంటి వాటికి ఇంకొంత కలుపుతారు. చనిపోయినవారికి, గాయపడ్డవారికి ఇచ్చే పరిహారంలో థర్డ్ పార్టీ పాలసీకి హద్దు లేదు, కోర్టు ఎంత అంటే అంత కంపెనీ కడుతుంది. పాలసీ లేకపోతే ఆ ముప్పై లక్షలు బండి సొంతదారు కట్టాలి. చాంద్రాయణగుట్టలో మా డెబ్భై గజాల ఇల్లు అమ్మినా ఆ సొమ్ము వస్తుందో రాదో. మనం కట్టలేకపోతే ఆ విధవరాలికీ పిల్లలకూ కోర్టు కాగితం మిగులుతుంది, అన్నం మిగలదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో కొత్త ఇల్లు కట్టేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉంది. ఎవడైనా పైనుండి పడితే ఆ దోషం ఇంటిమీదికి రాకుండా. మేము ఎన్నోసార్లు చదివి దాటిపోయిన వచనమది. ఆ పిట్టగోడ ఇంటివాడి కోసం కాదు, వాడికి తన మేడ అంచు తెలుసు. అది వచ్చేపోయేవారి కోసం. ఆ బుధవారం పెద్దాయన వెళ్తూ ఆ వచనం చెప్పి, "714 రూపాయలు పిట్టగోడ ఖర్చు, అంతే," అన్నారు.

ఇక కట్టిన పాలసీ కూడా పనికిరాకుండా పోయే దారులున్నాయి. మొదటిది లైసెన్సు. లైసెన్సు లేనివాడు నడిపి ప్రమాదం చేస్తే ఏమవుతుంది? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, బండి సొంతదారు జాగ్రత్త తీసుకోలేదని తేలితే, కంపెనీ ముందు బాధితునికి చెల్లించి తర్వాత ఆ సొమ్ము సొంతదారు దగ్గర వసూలు చేసుకోవచ్చు. బాధితునికి ఆలస్యం కాకూడదని ఈ ఏర్పాటు. మనకు మాత్రం అప్పు మిగులుతుంది. మావాడికి అప్పుడు లెర్నర్సు మాత్రమే ఉంది. పరీక్ష పాసై పక్కా లైసెన్సు చేతికి వచ్చేదాకా వాళ్ళమ్మ వెనుక ఎక్కలేదు. ఎక్కకూడదు కూడా. లెర్నర్సు మీద నేర్పేవారిని తప్ప వేరేవారిని ఎక్కించుకోవడానికి నిబంధన ఒప్పుకోదు.

పద్దెనిమిది నిండని పిల్లల సంగతి ఇంకా కష్టం. పదహారు నిండినవారికి 50 సి.సి. లోపు బండికి తప్ప లైసెన్సు రాదు, అలాంటి పెట్రోలు బండ్లు ఇప్పుడు కనబడడమే అరుదు. 2018లో మన నగర ట్రాఫిక్ పోలీసులు పిల్లలకు బండి ఇచ్చిన తండ్రులను కోర్టుకు పంపితే కొందరికి జైలు శిక్ష పడింది. 2019 సవరణలో 199ఎ సెక్షను చేర్చాక, చట్టంలో ఉన్న శిక్ష ఇది: తల్లిదండ్రులకు లేదా బండి సొంతదారుకు మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషను రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. "మా వాడు గల్లీలోనే నడుపుతాడండీ" అనే తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. షాలిబండ గల్లీల్లో పిల్లలు ఆడుకుంటారని, ముసలివాళ్ళు అరుగులమీద కూర్చుంటారని వాళ్ళకు తెలియదా?

రెండోది పేరు మార్పు. పాత బండి కొన్నవాళ్ళు ఆర్.సి. మార్చుకోరు, అమ్మినవాళ్ళు పట్టించుకోరు. చట్టంలో 157వ సెక్షను ప్రకారం బండితోపాటు థర్డ్ పార్టీ బాధ్యత కొన్నవారికి బదిలీ అయినట్టే లెక్క, అయినా పద్నాలుగు రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీలో పేరు మార్పించుకోవాలి. ఓన్ డామేజీ అయితే పేరు మారనిదే రాదు. అమ్మినవారికి ఇంకో చిక్కు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, ఆర్.సి.లో ఎవరి పేరుంటే వారే సొంతదారు, బండి ఎన్ని చేతులు మారినా సరే. అమ్మేశాం కదా అని నిద్రపోయేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. మలక్‌పేట ఆర్.టి.ఏ. ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టుకుని వెళ్ళడం బద్ధకమైతే ముప్పై లక్షల సంగతి మళ్ళీ చదవండి.

మూడోది, సంపాదనకు వాడడం. మన యౌవనస్థులు చాలామంది చదువుకుంటూ సాయంత్రాలు భోజనం పార్సెళ్ళు అందిస్తున్నారు, మనుషులను ఎక్కించుకుని కిరాయికి తిప్పుతున్నారు. కష్టపడే పిల్లలు, ప్రభువు వారిని దీవించును గాక. కాని సొంత వాడకానికి ఇచ్చే ద్విచక్ర పాలసీలో కిరాయికి తిప్పడం, సరుకు మోయడం వర్తించవని రాసి ఉంటుంది. ఆ పని చేయించే కంపెనీ మీకు ఏ బీమా ఇస్తుందో, అది ఎప్పుడు వర్తిస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

పాతబస్తీవారికి ఓన్ డామేజీ ఎందుకని అడిగేవారికి ఒక్క సంగతి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన, మళ్ళీ 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి వచ్చిన నీళ్ళు ఎవరమూ మరిచిపోలేదు. అల్ జుబైల్ కాలనీలో, హఫీజ్ బాబానగర్‌లో బండ్లు తేలుతూ కొట్టుకుపోయాయి, ఒకదానిమీద ఒకటి పడ్డాయి. వరద నష్టం ఓన్ డామేజీలో వస్తుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారికి బురద తప్ప ఏమీ రాలేదు. నీళ్ళు తగ్గాక ఆత్రంతో బండి స్టార్టు చేయకండి. నీళ్ళు ఇంజనులో ఉండగా కిక్కు కొడితే కలిగే నష్టం మీరు చేసిందే అంటుంది కంపెనీ. ఫోటోలు తీసి, కబురుపెట్టి, సర్వేయరు వచ్చేదాకా అలాగే ఉంచండి.

ఖర్చు తగ్గించుకునే న్యాయమైన దారులు లేకపోలేదు. ఏడాదంతా క్లెయిము లేకుండా గడిస్తే ఓన్ డామేజీలో నో క్లెయిమ్ బోనస్ ఇస్తారు. మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదేళ్ళకు 50. గడువు తీరిన తొంభై రోజుల్లోపు రెన్యూవల్ చేయకపోతే ఆ బోనసంతా పోతుంది. బోనస్ మనిషిది, బండిది కాదు. పాత బండి కొన్నప్పుడు అమ్మినాయన బోనస్ మీకు రాదు, ఉందని చెప్పి తగ్గింపు తీసుకుంటే అది అబద్ధం, క్లెయిము రోజున బయటపడుతుంది. చిన్న గీతకు, విరిగిన అద్దానికి క్లెయిము పెట్టి బోనస్ పోగొట్టుకోవడం కంటే మెకానిక్ చాచా దగ్గర బాగుచేయించుకోవడమే లాభం. నష్టంలో కొంత మేమే భరిస్తామని ముందే ఒప్పుకున్నా ప్రీమియం తగ్గుతుంది. బండి విలువ తక్కువ చూపించి ప్రీమియం తగ్గించే ఏజెంట్లు ఉంటారు. దొంగతనం జరిగిన రోజు వచ్చేది ఆ తక్కువ విలువే. కొత్త బండి కొనేవారికి 2018 సెప్టెంబరు నుండి అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలన్న నియమం వచ్చింది. చాలామంది అదంతా అయిదేళ్ళ ఫుల్ ఇన్సూరెన్సు అనుకుంటారు. సాధారణంగా ఓన్ డామేజీ ఒక్క ఏడాదికే ఉంటుంది, కాగితం తీసి రెండు తేదీలూ చూడండి.

గడువు దాటిన బండి కనుక మా స్కూటరుకు నాలుగు వైపులా ఫోటోలు అడిగారు. డబ్బు ఏజెంటు చేతికి కాక కంపెనీ ఖాతాకే కట్టాం. పాలసీ వచ్చాక రవాణా శాఖ వాహన్ లెక్కల్లో బండి నంబరు కొట్టి చూశాం, ఉంది. కంపెనీ మాట వినకపోతే ఎక్కడికి పోవాలా అని దిగులుపడనక్కరలేదు. దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ ఉన్నది మన హైదరాబాదులోనే, 155255 నంబరుకు ఫోను చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు. లకిడీకాపూల్ దగ్గర ఏ.సి. గార్డ్స్‌లో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి, అంతే.

పాలసీ వచ్చిన రోజు మావాడు దాన్ని రెండు కాపీలు తీయించి ఒకటి స్కూటరు డిక్కీలో పెట్టాడు. రెండోది వాళ్ళమ్మ తీసుకుని తన పేరు ఎక్కడుందని వెతికింది. పేరు ఉండదని, వెనుక కూర్చున్న మనిషి అన్నచోట తానున్నట్టేనని చెప్పాం. ఆ కాగితం మడిచి తన బైబిలు సంచిలో పెట్టుకుంది. గోడమీది సంఘం క్యాలెండరులో గడువు తేదీకి పదిహేను రోజుల ముందు ఎర్ర సిరాతో సున్న చుట్టింది. తర్వాతి ఆదివారం, హెల్మెట్ పెట్టుకుని, వాడి భుజంమీద చెయ్యి వేసి, ఆలయానికి ఆ స్కూటరుమీదే వెళ్ళింది.